తూకం మీద బొటనవేలు

ఆ ఊరికి నేల లేదు. ఆరిపోయిన ఒక నక్షత్రం చుట్టూ శూన్యంలో వేలాడుతూ తిరుగుతూ ఉంటుంది. అయినా ఊరు ఊరే కదా. వీధుల్లో గొట్టాలు కారుతుంటాయి, ఆఫీసుల్లో కుర్చీలు కిర్రుమంటుంటాయి, పై అంతస్తువాళ్ళు మంచాలు ఈడిస్తే కింది అంతస్తువాళ్ళు కర్రతో కప్పు పొడుస్తారు. తేడా అల్లా ఒక్కటే. అక్కడికి వచ్చే నౌకలకు పరుగెత్తే యంత్రం ఉంటుంది గాని ఆగే యంత్రం ఉండదు. ఎందుకుండదని అడక్కండి. ఆపడం శక్తిపరుల పని, వాళ్ళ నోటి దగ్గర కూడు తియ్యడానికి ఎవరికి ధైర్యం? నౌక ఊరి పక్కనుంచి పోయే పావుగంటలో, రేవులో కూర్చున్న శక్తిపరులు దాన్ని మనసుతో పట్టి లాగాలి. లాగితే రేవుకు చేరుతుంది. లాగకపోతే అలా పోతూనే ఉంటుంది. ఎంతదాకా పోతుందో చెప్పడానికి ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు.

ఇక శక్తి ఎలా వస్తుందంటారా? తపస్సు వల్ల రాదు, వంశం వల్ల అసలే రాదు. వదులుకుంటే వస్తుంది. ఒక ఇత్తడి త్రాసు ఉంటుంది. దాని కుడి పళ్ళెంలో ఆరిన నక్షత్రం నుంచి ఊడిపడిన నల్లరాయి పెడతారు. ఎడమ పళ్ళెంలో మీరు చెయ్యి పెట్టి, జీవితాంతం దేన్ని వదులుకుంటున్నారో పైకి చెప్పాలి. దాన్ని మీరెంత ప్రేమించారో రాయి అంత పైకి లేస్తుంది. రాయి ఎంత లేస్తే మీకు శక్తి అంత. మాట తప్పారో, ఆ క్షణమే శక్తి పోతుంది, అప్పటికి మీరు పట్టుకుని ఉన్నది జారిపోతుంది. ఇంత న్యాయమైన పద్ధతి మనుషుల చేతిలో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

చెప్పాలి, లేకపోతే కథ నడవదు. ఈ తూకం వ్యవహారం చూడ్డానికి ఒక పీఠం వెలిసింది. గరిటె లేపగలిగినవాళ్ళు గరిటెవారు, బల్ల లేపగలిగినవాళ్ళు బల్లవారు, నౌకను లాగగలిగినవాళ్ళు నౌకవారు. బల్లవారు వస్తే గరిటెవారు లేచి నిలబడాలి. నౌకవారు వస్తే బల్లవారు వంగి నిలబడాలి. మామూలు జనం ఎవరొచ్చినా రెండూ చెయ్యాలి. ఎదురు వీధిలో ఇంకో సంఘం ఉంది. శక్తి వదులుకుంటే రాదు, పోగేసుకుంటే వస్తుందని వాళ్ళ సిద్ధాంతం. నలభై ఏళ్ళుగా పోగేస్తూనే ఉన్నారు. ఒక్క గరిటె కూడా లేవలేదు గాని వాళ్ళ కుర్చీలు మాత్రం బహు మెత్తన.

పీఠంలో తూకందారు ఒక ఆడమనిషి. ఊరంతా ఆమెను సూది అంటుంది. ఆ పేరు పెట్టింది ఆమె అక్క. తల్లి పోయాక దర్జీపని చేసి చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. చెల్లెలికి మాటలు రావడమే ఆలస్యం, ప్రతి మాటకూ ఎదురు మాట పొడిచేది. అందుకని సూది. చెల్లెలు ఊరుకుంటుందా? అక్కకు కత్తెర అని తిరిగి పెట్టింది. పెద్దయ్యాక సూది ఉద్యోగానికని ఈ ఊరు వచ్చింది. పదకొండేళ్ళయింది. సొంతూళ్ళో ఉండిపోయిన అక్కతో నెలకోసారి మాటగొట్టంలో అయిదు నిమిషాలు మాట్లాడనిచ్చేవారు. ఆ అయిదు నిమిషాల్లో ఒకర్నొకరు "బాగున్నావా" అని అడిగిన పాపాన పోలేదు. పోట్లాటకే చాలేది కాదు. ఆ పోట్లాట అయ్యాక సూది వారం రోజులు ఈల వేసుకుంటూ పనిచేసేది.

పనంటే ఏమిటో కూడా చెప్పాలి. పళ్ళెం ఊగకుండా తూకందారు ఎడమ పళ్ళెం అంచు పట్టుకోవాలని నియమం. చేరిన రోజే పాత తూకందారు ఆమెకు రెండు చీటీలు చూపించాడు. ఒకటి ఉత్త చీటీ, ఒకటి పచ్చదారం కట్టింది. "పచ్చదారం ఉంటే పెద్దలు పంపిన మనిషన్నమాట. అప్పుడు అంచు పట్టుకున్న చేతి బొటనవేలు కాస్త కిందికి వాలాలి. నువ్వు వాల్చకూడదమ్మా. అదే వాలాలి," అన్నాడు. పదకొండేళ్ళుగా ఆ వేలు చెప్పినట్టే వాలింది.

అలా వాలి వాలి ముగ్గురు నౌకవారు తయారయ్యారు. మొదటాయన పీఠాధిపతి. సంసారం వదిలేశానని చెప్పి చెయ్యి పెట్టాడు. నిజానికి అంతకు రెండేళ్ళ ముందే సంసారం ఆయన్ని వదిలేసి తలుపు గొళ్ళెం పెట్టుకుంది. రెండో ఆయన నిద్ర వదిలేశాడు. పగలు సభల్లో గురక పెడతాడు గాని దాన్ని ధ్యానం అంటారు. మూడో ఆవిడ పదవి మీద ఆశ వదిలేసింది. అంత గొప్ప త్యాగం చేసినందుకు ఆవిడకు వెంటనే పదవి ఇచ్చారు. ముగ్గురిలో ఎవరు చెయ్యి పెట్టినా రాయి వెంట్రుకవాసి కదల్లేదు. సూది వేలే దాన్ని లేపింది.

మరి ఇన్నేళ్ళూ నౌకల్ని లాగిందెవరు? వెనక వరసలో ముక్కాలిపీట మీద కూర్చునే ఒక తాత. పాట పాడటం వదిలేసిన మనిషి. ఆయన తూగిన రోజున రాయి ఎగిరి త్రాసు కాడకు తగిలి ఠంగుమందని పాతవాళ్ళు చెప్పుకునేవారు. కాని ఆయనకు పచ్చదారం లేదు. అందుకని బల్లవారు అని రాసి వెనక కూర్చోబెట్టారు. ముందు వరసలో ముగ్గురూ కళ్ళు మూసుకునేవారు, వెనక తాత చెమటలు కక్కుతూ లాగేవాడు, నౌక చేరాక జనం ముందు వరసకు చప్పట్లు కొట్టేవారు. సూది కూడా కొట్టేది. తాత లాగుతున్నాడుగా, నా వేలు వల్ల ఎవరికేం నష్టంలే అనుకునేది.

నెల కిందట తాత పోయాడు. నౌకవారు ముగ్గురుండగా బల్లవారి ఖాళీ నింపనక్కర్లేదని పీఠం తీర్మానించింది. ఆ తర్వాత రావలసిన మొదటి నౌకలో రెండొందల మంది ఉన్నారు. ఏడు నెలల కిందటే బయల్దేరిన నౌక. అందులో ఒకరు సూది అక్క.

సూదికి అన్నం సహించలేదు. అయినా ఎవరికని చెప్పుకుంటుంది? దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని. చివరికి పీఠాధిపతి దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యా, నౌక వచ్చేలోగా ఓసారి ఖాళీ పీపా ఏదైనా లాగి చూస్తే బాగుంటుందేమోనండి. చాలా రోజులైంది కదా."

"నమ్మకం లేనివాళ్ళే పరీక్షలు పెడతారమ్మా," అన్నాడాయన చాలా శాంతంగా. "నీకు నమ్మకం లేదా?"

ఉందని చెప్పి వచ్చేసింది. ఆ రాత్రంతా తనను తాను తిట్టుకుంది. ఆమెకు తిట్లకు కొదవ లేదు.

నౌక వచ్చే రోజు పొద్దున్నే లాగుడు గదికి పోయింది. పొడుగాటి గది. ఒకవైపు గోడంతా అద్దం, అద్దం అవతల చీకటి. ముందు మూడు మెత్తటి కుర్చీలు, వెనక తాత ముక్కాలిపీట. దాని మీద ఎవరో బూజుకర్ర ఆనించి పెట్టారు. అద్దం పక్కన నౌకతో మాట్లాడే మాటగొట్టం. తలుపు దగ్గర బంట్రోతు. అతనికి సూదంటే గౌరవం, నోరంటే భయం. అందుకని లోపలికి రానిచ్చాడు.

గొట్టంలోంచి నౌక సరంగు చెప్పాడు: "పక్కకి వస్తున్నాం. పట్టండి." తర్వాత ఒక ఆడగొంతు అతన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఏమే సూదీ, ఉన్నావా? గొంతు వినపడదేం, తుప్పు పట్టిందా?"

"సూదికి తుప్పు పట్టదక్కా. మూల పడేసిన కత్తెరకి పడుతుంది. నీకెలా ఉంది?"

"ఆహా, నోరు అలాగే ఉంది! మరి ఒళ్ళెలా ఉంది? కొలతలు తెలీక అంచనాగా నీకో కోటు కుట్టాను."

"అంచనాగా ఎప్పుడు కుట్టలేదు నువ్వు? పొరుగాయన పెళ్ళికి కుట్టిన చొక్కాలో ఇద్దరు పెళ్ళికొడుకులు పట్టారు."

అక్క పకపకా నవ్వింది. సూది మొహం వెలిగిపోయింది. గోడ మీద పావుగంట ముల్లు కదలడం మొదలుపెట్టింది.

ముగ్గురు నౌకవారూ కళ్ళు మూసుకున్నారు. నాలుగు నిమిషాలు పోయాయి. రెండో ఆయన ధ్యానం మరీ గాఢమై గురక వినిపించింది.

"రేవు! పట్టు తగల్లేదు!" అన్నాడు సరంగు. "లాగుతున్నారా లేదా?"

పీఠాధిపతి ఒక కన్ను తెరిచాడు. "నౌకలో భక్తి తక్కువగా ఉన్నట్టుంది."

"రాదలుచుకున్న నౌకైతే ఈపాటికి వచ్చేదే," అంది మూడో ఆవిడ. "బలవంతంగా లాగడం మర్యాద కాదు."

ఆడలేక మద్దెల ఓడన్నారట. సూది ఇక ఆగలేదు. పక్కనే తూకపు గది. పరుగెత్తుకుపోయి త్రాసునూ నల్లరాయినీ రెండు చేతులతో ఎత్తుకొచ్చి, పెద్దల ముందు నేల మీద పెట్టింది.

"వీళ్ళకి శక్తి లేదు," అంది గట్టిగా. "రాయి లేపింది నా వేలు. ముగ్గురికీ నేనే లేపాను. తాతే లాగేవాడు, తాత పోయాడు. అయ్యా, ఇప్పటికైనా మించిపోలేదు. మీరు నిజంగా ప్రేమించేది ఆ కుర్చీ. దాని మీద ఒట్టేసి వదిలెయ్యండి, రాయి కప్పు బద్దలు కొట్టుకుని పోతుంది! రెండొందల మంది ఉన్నారండీ అందులో!"

పీఠాధిపతి కుర్చీ చేతుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "ఆవేశపడకు. దీని మీద ఒక సంఘం వేద్దాం."

"నౌక వెళ్ళిపోయాకా?"

"అన్ని కోణాలూ చూడాలి కదా."

ఇక వాళ్ళతో పనిలేదని తేలిపోయింది. బంట్రోతు పాపం ముందుకొచ్చి, నస్యం వదిలేస్తున్నానని చెయ్యి పెట్టాడు. రాయి బెత్తెడు లేచింది. అతని ప్రేమ అబద్ధం కాదు గాని దాంతో బల్ల లేస్తుంది, నౌక రాదు. సూది తన చెయ్యి పెట్టింది. "టీ వదిలేస్తున్నా." రాయి కదల్లేదు. ఆ ఊరి టీ అలాంటిది. "ఈ ఉద్యోగం వదిలేస్తున్నా." రాయి ఇంకాస్త కిందికి దిగినట్టనిపించింది. టీ పోయె, ఉద్యోగం పోయె, చేతికి వచ్చింది సున్న. ముల్లు పన్నెండో నిమిషం దాటింది. అద్దం అవతల నౌక దీపాలు బారుగా, నెమ్మదిగా పక్కకు జరుగుతున్నాయి.

మాటగొట్టంలో మళ్ళీ అక్క. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఏమే. మీవాళ్ళు లాగలేకపోతున్నారంటగా. సరంగు చెప్పాడు. ఇక్కడ అందరూ ఏడుస్తున్నారు, నాకు చిరాగ్గా ఉంది." పక్కనెవరినో ఊరుకోమని కసిరింది. "సరే విను. కోటు నా మూటలోనే ఉంది. నేను రాకపోతే అదీ రాదు. కాబట్టి దానికి నువ్వు వంకలు పెట్టలేవు. చూశావా, ఆఖరి మాట నాదే అయింది."

జవాబు సూది నాలుక మీదికి అప్పుడే వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక అక్కకు ఆమె చెప్పిన జవాబులన్నిటిలోకీ మంచిది. ఆ జవాబేమిటో నేను చెప్పలేను, ఆమె ఎవరికీ చెప్పలేదు. నోరు తెరిచింది. అక్క అవతల ఎదురుచూస్తోందని ఆమెకు తెలుసు. గొట్టం దగ్గర చెవి పెట్టి, నవ్వడానికి సిద్ధంగా, ఊపిరి బిగబట్టి ఉంటుంది. ఈ లోకంలో తనకు ప్రాణంతో సమానమైనది ఏమిటో సూదికి అప్పుడు తెలిసింది. తెలియగానే ఏడుపొచ్చింది.

"ఏమే? ఉన్నావా?" అంది అక్క.

సూది నోరు మూసుకుంది. గొట్టానికి దూరంగా వెళ్ళి చెయ్యి పళ్ళెంలో పెట్టింది, బొటనవేలు మాత్రం అందరికీ కనిపించేలా పైకెత్తి ఉంచింది.

"మా అక్కకి ఎదురు మాట చెప్పడం వదిలేస్తున్నాను. బతికున్నన్నాళ్ళూ."

రాయి ఎగిరి త్రాసు కాడకు తగిలి ఠంగుమంది. గురక పెడుతున్నాయన ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టాడు, నౌక వచ్చేసిందనుకుని.

లాగడం ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ నేర్పలేదు. నీళ్ళలో నానిన దుప్పటిని తొట్టిలోంచి ఒక్కత్తే పైకి లాగినట్టుంది. భుజాలు పీకాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. తాత ముక్కాలిపీట మీద కూలబడి పళ్ళు బిగించి లాగింది. దీపాల బారు ఆగింది. వెనక్కి జరిగింది. పెద్దదైంది. చివరికి రేవు గోడ అదిరింది, అద్దం గలగలమంది, గొట్టంలో రెండొందల మంది ఒక్కసారి అరిచారు.

పీఠాధిపతి లేచి గొంతు సవరించుకున్నాడు. "మా ముగ్గురి మౌనబలం చివరి క్షణంలో..."

"అవునండి, మీ మౌనం చాలా బలమైంది," అంది సూది ఒగరుస్తూ. "ఇంకాస్త వాడండి." ఆమె వదిలింది అక్కకు ఎదురు చెప్పడమే. మిగతా లోకానికి నోరు మామూలుగానే పనిచేసింది.

"నిన్ను ఉద్యోగంలోంచి..."

"ఇందాకే వదిలేశానండి. రాయి కూడా చూసింది."

దిగేవాళ్ళు నిచ్చెన మీంచి ఒక్కొక్కరే దిగుతున్నారు. అందరూ దిగి, ఇనప కొక్కేలు బిగించేదాకా నౌక సూది పట్టు మీదే నిలవాలి. అది సాయంత్రం దాకా పట్టే పని. అది అయితే మాత్రం? తొమ్మిది రోజుల్లో ఇంకో నౌక ఉంది, ఆ తర్వాత ఇంకోటి. ప్రతి నౌకలోనూ ఎవరిదో ఒకరి అక్క ఉంటుంది.

సూది అక్క మూట చంకన పెట్టుకుని లాగుడు గదిలోకి నేరుగా వచ్చేసింది. జుట్టు బాగా నెరిసింది. చెల్లెల్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏంటే, పండిన బీరకాయలా అయ్యావు? లే, ఇది తొడుక్కో."

కోటు తొడిగింది. కుడి చెయ్యి అరచేతిని దాటి వేళ్ళు మింగేసింది. ఎడమ చెయ్యి మోచేతికి నాలుగంగుళాల కింద ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు దర్జీపని చేసిన మనిషి కుట్టిన కోటు అది! అక్క నడుం మీద చేతులు వేసుకుని, గడ్డం ఎత్తి, దెబ్బకు సిద్ధమైన పహిల్వానులా నిలబడింది.

"కోటు సరిగ్గానే ఉంది. నీ చేతులే వంకర. ఏమంటావ్?"

సూది కోటు గుండీ పెట్టుకుంది. "బాగుందక్కా," అంది.

"బాగుందా?"

"చాలా బాగుంది. నా చేతులే వంకర."

అక్క మొహంలో నవ్వు పోయింది. గబగబా వచ్చి చెల్లెలి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరమా? ఒంట్లో బాలేదా? పదకొండేళ్ళలో ఏం చేశారే నిన్ను? నా మీద కోపమొచ్చిందా? ఏదో ఒకటి అనవే, భయమేస్తోంది!"

సూది తల అడ్డంగా ఊపింది. బంట్రోతు ఉండబట్టలేక, నస్యం లేని ముక్కుతో, జరిగిందంతా చెప్పాడు. వేలు సంగతి, తాత సంగతి, రాయి ఎందుకు లేచిందో కూడా. అక్క విన్నంతసేపూ త్రాసు వైపే చూసింది. నౌకను పట్టుకున్నంతసేపూ దిగదు కాబోలు, రాయి ఇంకా పైనే ఉంది. అద్దం అవతల ఒక ముసలాయన చేతికర్ర ముందు దించి, తర్వాత తను దిగుతున్నాడు. ఆయన వెనక చంటిపిల్లతో ఒకామె తన వంతు కోసం నిలబడింది.

"అంత ఇష్టమా నీకు, నన్ను తిట్టడం?" అంది అక్క.

"అవునక్కా."

అక్క పైటతో మొహం గట్టిగా తుడుచుకుంది. ముక్కాలిపీట పక్కన నేల మీదే కూర్చుని చెల్లెలి పొడుగు చెయ్యి మడత పెట్టడం మొదలుపెట్టింది.

"సరే పో. నీ వంతు కూడా నేనే అంటాలే. దానికేం భాగ్యం. ఇప్పుడు నువ్వేమనేదానివంటే..." ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "'ఏమక్కా, ఈ కోటు నాకు కుట్టావా, నౌకకు ముసుగు కుట్టావా?' ఎలా ఉంది?"

ఏమీ బాగాలేదు. చప్పగా ఉంది. కోటు తొడిగిన క్షణం నుంచీ సూది దగ్గర దీనికి పదింతలు మంచిది తయారుగా ఉంది. చేత్తో నోరు నొక్కుకుని దాన్ని మింగేసింది.

"బాగుందక్కా," అంది.

"ఏం బాగు, నా మొహం!" అంది అక్క. మడత పెట్టిన చెయ్యి మళ్ళీ జారింది. "నాకు రాదే ఈ విద్య. నువ్వైతే ఇంతకన్నా వంద రెట్లు బాగా అనేదానివి."

"అవునక్కా," అంది సూది.

అదీ ఎదురు మాట కిందికే వస్తుందేమోనని ఇద్దరూ ఉలిక్కిపడి ఒక్కసారే అద్దంలోంచి నౌక వైపు చూశారు. చంటిపిల్ల తల్లి నిచ్చెన మధ్యలో ఉంది. నౌక కదల్లేదు.